ఒకే శాలువా

పెరంబూరులో మా సంఘానికి ఉన్నది
ఒకే శాలువా.
మెరూన్ రంగు, జరీ అంచు,
ఓ మూల పిన్నీసు చించిన చిరుగు.
పందొమ్మిదేళ్లుగా ప్రతి కార్తీకంలో
ఒకరి భుజాల మీదికి ఎక్కుతుంది,
ఫొటో అయిపోగానే దిగుతుంది.

దిగాక నా ఇంటికొస్తుంది.
కోశాధికారిని కదా.
కోశమంటే ఒక హార్లిక్స్ సీసా,
అధికారమంటే ఆ శాలువాని
చన్నీళ్లలో ముంచి నీడన ఆరేసే అధికారం.

నిజానికి చేరడానికి వెళ్లలేదు నేను.
రాత్రి తొమ్మిదిన్నరకి హార్మోనియం గోలేమిటని
పోట్లాడ్డానికి వెళ్లాను.
రైల్వే టికెట్ల కిటికీ వెనక ముప్పై ఏళ్లు
గొంతు పెంచి బతికినదాన్ని,
నాకేం భయం?
లోపల వెల్డరు గాలయ్య
కిరీటం ఒళ్లో పెట్టుకుని
పద్యం మధ్యలో ఆగిపోయి ఉన్నాడు.
అందరూ ఆ తర్వాతి మాట కోసం వెతుకుతున్నారు.
మూడు రాత్రులుగా గోడ అవతల వింటున్నదాన్ని,
నాకు తెలుసు. చెప్పాను.
"అమ్మా, ఈ తాళాలు పట్టుకోండి" అన్నారు.
ఏ తాళాలని అడిగేలోగా
ఒక చేతిలో ఇత్తడివీ
ఇంకో చేతిలో హాలువీ ఉన్నాయి.

అప్పట్నించీ నాకు తెలుసు
శాలువా ఏ మెడ వాసన పట్టిందో.
గాలయ్యది పౌడరూ, ఇనుమూ.
వీధి కుళాయి కోసం కార్పొరేషన్ మెట్లు
పదకొండుసార్లు ఎక్కిన మస్తానమ్మది వక్కా జర్దా.
మూతపడ్డ లైబ్రరీ ముందు
రోజూ కుర్చీ వేసుకుని పేపరు చదివి,
చదివీ చదివీ దాన్ని తెరిపించిన
తిరువేంగళం మేస్టారిది అమృతాంజనం.
ఉతికినా పోదు.

ఈ ఏడు యేసోబుని అనుకున్నాం.
పొద్దున మా కాలవలు బాగుచేస్తాడు,
సాయంత్రం మా పిల్లలకి డప్పు నేర్పుతాడు.
మీటింగులో ఒకాయన
డప్పు కళ కిందకొస్తుందా, చావు కిందకొస్తుందా అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
నేను ఆ మాట మినిట్సు పుస్తకంలో రాసి
ఆయన సంతకం అడిగాను.
ఇప్పటికీ పెన్ను వెతుక్కుంటూనే ఉన్నాడు.

మైకులో కౌన్సిలరు ఏసుబాబు అన్నాడు,
కాసేపటికి జోసఫ్ అన్నాడు.
యేసోబు రెంటికీ దణ్ణం పెట్టాడు.
కప్పారు. ఫొటో తీశారు.
నేను పక్కనే చెయ్యి చాచి నిలబడ్డాను.
అతను నా చేతికి నమస్కారం చేసి
మెట్లు దిగి వెళ్లిపోయాడు,
శాలువాతో.

రూలు ఎవరూ చెప్పలేదు అతనికి.
చెప్పాల్సింది నేనే.

నాలుగో రోజున కార్యదర్శి నన్ను పంపాడు.
తుపాను జల్లు. వ్యాసర్‌పాడిలో రేకుల ఇల్లు.
తొంగిచూస్తే
యేసోబు చొక్కా లేకుండా ముడుచుకు పడుకున్నాడు.
గోడకి ఆనించిన డప్పు మాత్రం
మెడదాకా శాలువా కప్పుకుని ఉంది.
"తడిస్తే దానికి గొంతు పోతుందమ్మా"
అంది అతని భార్య,
"మాదేముంది, మాట్లాడేదెవరితో."
వచ్చిన పనేమిటని అడిగింది.
పిల్లలకి క్లాసు ఎప్పుడని, అన్నాను.

ఇంటికొచ్చి లెక్కల పుస్తకం తీశాను.
'శాలువా ఒకటి, నిల్వ' అన్న వరస కొట్టేసి
'శాలువా ఒకటి, ఇచ్చాం' అని రాశాను.
పందొమ్మిదేళ్లలో ఆ మాట రాయడం ఇదే మొదలు.
కార్యదర్శికి కోపం వస్తుంది. రానీ.

కొత్తది మూడువందల నలభై.
సీసాలో రెండొందల పన్నెండు, ఒక చెల్లని అర్ధరూపాయి.
రేపు రసీదు పుస్తకం పట్టుకుని బయల్దేరాలి,
ముందు పదహారో నంబరు ఇంటికి.
నిన్న ఆవిడ గుమ్మంలోకొచ్చి
డప్పు గోలేమిటని నా మీద అరిచింది.
గొంతు బాగుంది.
తాళాలు కూడా తీసుకెళ్తాను.